కోడికూరలోకి సీసం వచ్చే దారులు

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నపళంగా మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. ఇంట్లో పనిచేసుకుంటున్నవాళ్లు, వీధిలో నడుస్తున్నవాళ్లు, పిల్లలు, పెద్దలు అన్న తేడా లేకుండా ఆసుపత్రికి చేరారు. కొద్ది రోజుల్లోనే బాధితులు ఆరు వందలు దాటారు. ఒకరు ప్రాణం కోల్పోయారు. ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నీరి నిపుణులు రక్తం, నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకెళ్లి పరీక్షించారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. తర్వాత నిపుణుల అనుమానం ప్రధానంగా పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. ఏమైనా, అంతవరకూ రసాయన శాస్త్రం పుస్తకాల్లో ఉన్న ‘భారలోహాలు’ అన్న మాట ఆ వారంలో తెలుగు ఇళ్లలోకి వచ్చేసింది.

ఆ మాటతో వచ్చిన భయం ఇప్పుడు చికెన్ దుకాణాల ముందు కూడా వినిపిస్తోంది. నర్సీపట్నంలో ఆదివారం పొద్దున్నే కోడిని కోయించుకోవడానికి నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు అంటారు: “బాయిలర్ కోడంతా మందులేనండి. నాటుకోడైతే భయం లేదు.” పక్కవాళ్లు అవునంటారు. మన్యానికి ఎక్కే దారి మొదట్లో ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ రెండు రకాలకూ లోటు లేదు. మైదానం వైపు షెడ్ల నుంచి ఫారం కోళ్లు బండ్ల మీద గంపల్లో వస్తాయి. గొలుగొండ, కొయ్యూరు, చింతపల్లి వైపు నుంచి నాటుకోళ్లు దిగుతాయి. నాటుకోడికి ఎక్కువ ధర పెట్టేవాళ్లు రుచితో పాటు ఆరోగ్యాన్నీ కొంటున్నామనే అనుకుంటారు.

లోహాల విషయంలో మాత్రం ఆ నమ్మకం నిలబడదు. మాంసంలో సీసం ఎంత ఉందన్నది కోడి జాతిని బట్టి తేలదు. ఆ కోడి ఏ మేత తింది, ఏ మట్టిలో ముక్కు పెట్టింది, ఎన్నాళ్లు బతికింది, దాని ఒంట్లో ఏ భాగం మన పళ్లెంలోకి వచ్చింది అన్నవాటిని బట్టి తేలుతుంది. ఒక్కోసారి కోడి మీద వేసిన నింద పోపుల పెట్టెకో, వండిన గిన్నెకో చెందుతుంది.

ముందుగా ఈ లోహాల స్వభావం చూద్దాం. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ మన ఒంటికి ఏ పనికీ రావు. ఆర్సెనిక్‌ను రసాయన శాస్త్రం పూర్తి లోహంగా లెక్కించదు కానీ విషం లెక్కన అదీ ఈ కోవలోదే. రాగి, జింకు, ఇనుము ఒంటికి కావాలి, మోతాదు మించితే హాని చేస్తాయి. పురుగుమందైనా, యాంటీబయాటిక్ అయినా ఎంతో కొంత కాలానికి విరిగిపోతుంది. కోడిని కోసే ముందు కొన్ని రోజులు మందు ఆపితే ఒంట్లో అవశేషం తగ్గిపోతుంది. లోహం మూలకం. అది విరగదు. ఉప్పూ పసుపూ రాసి నానబెట్టినా, కుక్కర్లో పది కూతలు వేయించినా, నిప్పుల మీద కాల్చినా ఎంత ఉన్నది అంతే ఉంటుంది. మహా అయితే ముక్కలోంచి పులుసులోకి మారుతుంది.

మేతలోనో నీటిలోనో లోహం వచ్చినా కోడి దాన్నంతా ఒంటికి పట్టించుకోదు. ఎక్కువ భాగం రెట్టలో బయటికి పోతుంది. మిగిలినదాన్ని ఒళ్లు ఒక్కో చోట దాస్తుంది. సీసం రసాయనికంగా కాల్షియం వేషం వేస్తుంది. తాళంచెవిని పోలిన వేరే చెవి తాళంలో దూరి ఇరుక్కుపోయినట్టు, కాల్షియం వెళ్లాల్సిన చోటల్లా అది దూరుతుంది. అందుకే దాని స్థిర నివాసం ఎముక. కాడ్మియం పేగు దాటగానే కార్జం దాన్ని పట్టుకోవడానికి మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. ఆ జంట మెల్లగా మూత్రపిండాలకు చేరి అక్కడే పాతుకుపోతుంది. మనిషి మూత్రపిండంలో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుందని అంచనా. ఎముకలోని సీసానిదీ దశాబ్దాల లెక్కే. వీటన్నిటితో పోలిస్తే కండలోకి, అంటే మనం ఇష్టంగా తినే రొమ్ము ముక్కలోకి, కాలి ముక్కలోకి చేరేది చాలా తక్కువ. ప్రమాణాలు పెట్టేవాళ్లు కూడా ఇది గుర్తించే పెట్టారు. ఐరోపా సమాఖ్య కోడి మాంసంలో కాడ్మియానికి పెట్టిన పరిమితి కిలోకి 0.05 మిల్లీగ్రాములు. కార్జానికి 0.5, మూత్రపిండానికి 1. కండకూ కార్జానికీ మధ్య పది రెట్లు.

ఇక ఫారం కోడి సంగతి. ఒక్కరోజు పిల్లగా షెడ్డులోకి వచ్చి, ఆరు వారాలు తిరిగేసరికి రెండు కిలోలు దాటి బండెక్కుతుంది. ఇంత తొందరగా పెరిగేది హార్మోన్ సూదులతో అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. దశాబ్దాల తరబడి జాతిని ఎంచి ఎంచి కలపడం వల్ల, లెక్కకట్టి పెట్టే మేత వల్ల వచ్చిన పెరుగుదల అది. లోహాల దృష్టితో చూస్తే ఈ పొట్టి ఆయుష్షు తినేవాడికి కలిసొచ్చే విషయం. కూడబెట్టడానికి కోడికి టైము చాలదు. గుడ్లు పెట్టడం తగ్గాక ఏడాదిన్నర వయసులో మాంసానికి అమ్మే లేయర్ కోడి కార్జంలో, అదే మేత తిన్నా, ఆరు వారాల కోడి కంటే కాడ్మియం ఎక్కువే చేరి ఉంటుంది.

అయితే ఆ ఆరు వారాల్లో అది తినేదంతా మనిషి కలిపి పెట్టిన మేతే. తప్పు జరిగితే వేల కోళ్లకు ఒకేసారి జరుగుతుంది. దాణాలో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా చెక్క. వీటితో పెద్ద పేచీ లేదు. పేచీ చిన్న మోతాదులో కలిపే ఖనిజాలతోనే. ఎముకలు గట్టిపడటానికి డీసీపీ అని రైతులు పిలిచే డైకాల్షియం ఫాస్ఫేట్ కలుపుతారు. దానికి ముడిసరుకు రాతి ఫాస్ఫేట్, లేదా జంతువుల ఎముకలు. సముద్రపు అవక్షేపాల్లో ఏర్పడిన రాతి ఫాస్ఫేట్‌లో కాడ్మియం సహజంగానే ఉంటుంది. శుద్ధి సరిగా చేయకపోతే అదే దాణాలోకి దిగుతుంది. ఎముకల పొడిలో సీసం ఉండొచ్చు. చేపల పొడిలో పాదరసం, ఆర్సెనిక్. సున్నపురాయి పొడిలో, జింకు, మాంగనీసు లవణాల్లో ఏ గని నుంచి తవ్వారన్నదాన్ని బట్టి కల్తీ లోహాలు. ఐరోపాలో కోళ్ల పూర్తి దాణాలో కిలోకి సీసం 5, ఆర్సెనిక్ 2, కాడ్మియం 0.5, పాదరసం 0.1 మిల్లీగ్రాములు మించకూడదని చట్టం. మన దేశంలో కోళ్ల దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 1374 అనే ప్రమాణం ఇచ్చింది. కంపెనీతో ఒప్పందం మీద కోళ్లు పెంచే రైతుకు పిల్లా, దాణా, మందూ అన్నీ కంపెనీయే ఇస్తుంది. సంచిలో ఏముందో చూసుకునే అవకాశం ఆ రైతుకు లేదు. కాబట్టి కోడి మాంసంలో లోహం కనిపిస్తే షెడ్డు రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం.

దాణా ద్వారా విషం వచ్చిన కథల్లో అందరూ తెలుసుకోవాల్సింది అమెరికాది. కోళ్లకు పేగుల్లో రక్తం పడే కాక్సిడియోసిస్ జబ్బును అదుపు చేయడానికి రోక్సార్సోన్ అనే మందును అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1944లో అనుమతించింది. ఇది ఆర్సెనిక్ ఉన్న మందు. జబ్బు తగ్గడంతో పాటు కోడి తొందరగా బరువెక్కేది, మాంసం మంచి గులాబీ రంగు తేలేది. ఆర్సెనిక్ సేంద్రియ రూపంలో ఉంది కాబట్టి హాని లేదని, కోడి ఒంట్లోంచి అలాగే బయటికి పోతుందని అరవై ఏళ్లకు పైగా చెప్పుకొచ్చారు. 2011లో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలే వంద కోళ్ల మీద పరీక్ష చేశారు. మందు తిన్న కోళ్ల కార్జంలో అసేంద్రియ ఆర్సెనిక్, అంటే క్యాన్సర్ తెచ్చే అసలు రూపం, ఎక్కువగా కనిపించింది. తయారీ కంపెనీ ఆ ఏడాదే అమ్మకం ఆపేసింది. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పది నగరాల్లో కొన్న చికెన్‌ను పరీక్షించి, మాంసంలోనూ ఆ తేడా ఉందని చూపించారు. అదే ఏడాది రోక్సార్సోన్‌కు, దాని తోటి రెండు మందులకు అనుమతి రద్దయింది. నైటార్సోన్ అనే చివరిది 2015లో పోయింది. ఐరోపా సమాఖ్య ఇలాంటి మందుల్ని 1999లోనే వదిలేసింది. హాని లేదన్న మాటను పరీక్షించి చూడటానికి ఒక దేశానికి 67 ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో తిన్నవాళ్ల లెక్క ఎవరు కడతారు?

బంగ్లాదేశ్‌లో దారి వేరు. ఢాకాలోని హజారీబాగ్‌లో తోళ్ల కర్మాగారాల నుంచి వచ్చే తోలు తుక్కును ఉడికించి, ఎండబెట్టి, చౌక ప్రోటీన్‌గా కోళ్ల దాణాలో కలిపేవారు. తోలును పదును చేయడానికి వాడే క్రోమియం అలా కోడిలోకి చేరింది. ఢాకా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. 2011లో అక్కడి హైకోర్టు ఆ దాణా తయారీని ఆపమని ఆదేశించింది. చౌక ప్రోటీన్ కోసం వెతుకులాట ఉన్న ప్రతిచోటా ఇలాంటి ప్రమాదం పొంచి ఉంటుంది.

రాగి, జింకుల కథ కొంచెం భిన్నం. కోడికి దాణా కిలోకి 8 మిల్లీగ్రాముల రాగి, 40 మిల్లీగ్రాముల జింకు సరిపోతాయని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో లెక్క కట్టింది. రాగి ఎక్కువ వేస్తే పేగుల్లో సూక్ష్మజీవులు తగ్గి కోడి బాగా పెరుగుతుందని, దాణాకు బూజు పట్టదని మైలుతుత్తం వేయడం చాలా చోట్ల ఉన్న అలవాటే. మాంసంలోకి చేరే రాగి మనిషికి పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదం రెట్టలో ఉంది. రాగి, జింకు నిండిన కోళ్ల పెంట పొలానికి ఎరువుగా వెళ్తుంది. ఏటా తోలితే నేలలో పేరుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. లోహాలను తట్టుకునే బాక్టీరియాలో తరచుగా యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు కూడా పక్కపక్కనే ఉంటాయి. రాగి, జింకు పోసిన చోట మందులకు లొంగని సూక్ష్మజీవులు నెగ్గుతాయి. పందిపిల్లలకు మందుగా వేసే జింక్ ఆక్సైడ్‌ను ఐరోపా 2022లో నిషేధించడానికి ఈ భయమూ ఒక కారణం. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోడి వ్యర్థాలను చాటుగా చేపల చెరువుల్లో మేతగా వేయడం మనకు కొత్త సంగతి కాదు. అధికారులు ఎన్నిసార్లు లారీలు పట్టుకున్నా ఆగడం లేదు. కోడిలో మిగిలింది చేపకు, చేపల పొడి అయితే మళ్లీ కోడికి. లోహం విరగదు కాబట్టి ఈ చక్రంలో అది తగ్గే అవకాశం లేదు.

ఇప్పుడు నాటుకోడి దగ్గరికి వద్దాం. కోడికి పళ్లు లేవు. మింగిన గింజను నూరడానికి కందనకాయ ఉంది. అందులో చిన్న చిన్న రాళ్లు ఉండాలి కాబట్టి కోడి రోజంతా నేల కెలికి గట్టి పలుకులు ఏరి మింగుతుంది. అది రాయా, రాలిన పెయింటు పెచ్చా, సోల్డరు ముక్కా, బ్యాటరీలోంచి రాలిన సీసపు పొడా అన్నది దానికి తెలియదు. కందనకాయ కండరం ఆ ముక్కను రోజుల తరబడి నూరుతుంది, కడుపు ఆమ్లం కరిగిస్తుంది, రక్తం పీల్చుకుంటుంది. వేటగాళ్ల తుపాకుల్లోంచి రాలిన సీసపు గుళ్లు ఇలాగే మింగి బాతులు లక్షల్లో చనిపోతుంటే, నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా 1991లో నిషేధించింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 55 ఇళ్ల పెరట్లలో పెంచే కోళ్లను పరీక్షించి 2022లో ప్రచురించిన ఫలితం ఇంకా కళ్లు తెరిపించేది. ఆ పెరటి గుడ్లలో సగటున సీసం దుకాణంలో కొన్న గుడ్ల కంటే 40 రెట్లు ఎక్కువ. ఆ పెరళ్ల వాళ్లు స్వచ్ఛమైన గుడ్ల కోసమే కోళ్లు పెంచుకుంటున్నారు. పాత ఇళ్ల గోడల నుంచి రాలిన పెయింటు, పాతకాలపు పెట్రోలు పొగ మట్టిలో వదిలిన సీసం వాళ్ల శ్రద్ధను వమ్ము చేశాయి.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. అప్పటిదాకా రోడ్డు పక్క నేలలో పడింది ఎక్కడికీ పోలేదు. నర్సీపట్నం నుంచి అనకాపల్లి వైపు, తుని వైపు వెళ్లే రోడ్ల పక్క లారీ షెడ్లు, బ్యాటరీ రిపేరు కొట్లు, రేడియేటర్లకు సోల్డరు పెట్టే చోట్లు, రాగి కోసం వైర్లు కాల్చిన బూడిద కుప్పలు చూడండి. అక్కడే పెంటకుప్ప ఉంటుంది, అక్కడే నాలుగు కోళ్లు కెలుకుతూ ఉంటాయి. అలాంటి చోట రెండేళ్లు తిరిగిన పుంజు కార్జం, కందనకాయ, ఎముకల పులుసు పసిపిల్లకు పెట్టకూడదని గట్టిగా చెబుతాను. గొలుగొండ అవతల కొండవాలు పల్లెలో, పోడు గింజా, చెదపురుగులూ తిని పెరిగిన కోడి వేరు. రెండూ నాటుకోళ్లే. ఒకే ధరకు అమ్ముడవుతాయి. నాటు అన్న పేరు చూసి కాకుండా ఎక్కడ మేసిందో అడిగి కొనాలని అందుకే అంటున్నాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్లు పెంచే మహిళలకు కూడా ఈ మాట చేరాలి. పెయింటు రాలే గోడ, మెకానిక్ షెడ్డు, చెత్త కాల్చే చోటు దాటి కోళ్లను మేపితే చాలు, సగం ముప్పు పోతుంది.

ఎముకల పులుసు గురించి ఒక మాట. బాలింతలకు, జ్వరం పడి లేచినవాళ్లకు కోడి ఎముకల చారు పెట్టడం మనకు అలవాటు. సీసం ఎముకలో ఉంటుందన్నాక ఈ ప్రశ్న రాకుండా ఉండదు. బ్రిటన్‌లో 2013లో ముగ్గురు పరిశోధకులు సేంద్రియ పద్ధతిలో పెంచిన కోడి ఎముకలు గంటల తరబడి కాచి చూశారు. చారులో లీటరుకు 7 మైక్రోగ్రాముల సీసం, చర్మం, మృదులాస్థి కాచినదాంట్లో 9.5 వచ్చాయి. అదే పద్ధతిలో కాచిన మామూలు కుళాయి నీళ్లలో 0.89. పత్రికలు దీన్ని పట్టుకుని గగ్గోలు పెట్టాయి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు అని ఆ గగ్గోలులో పెద్దగా ఎవరూ చెప్పలేదు. పరీక్షించింది కూడా చాలా కొద్ది నమూనాలే. వారానికో గిన్నె చారుకు భయపడక్కర్లేదు. రోజూ చంటిపిల్లకు పట్టిస్తే ఆలోచించాలి.

ఎంత తింటే ఎంత ముప్పు? ప్రపంచ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కోడి మాంసంలో సీసానికి పెట్టిన హద్దు కిలోకి 0.1 మిల్లీగ్రాము, అంటే 100 మైక్రోగ్రాములు. సరిగ్గా హద్దు అంచున ఉన్న మాంసం 60 గ్రాములు నాలుగేళ్ల పాప తిందనుకుందాం. ఒంట్లోకి వెళ్లేది 6 మైక్రోగ్రాములు. పిల్లలు ఆహారం ద్వారా రోజుకు 2.2 మైక్రోగ్రాములు మించి సీసం తినకుండా చూడాలని అమెరికా ఎఫ్‌డీఏ 2022లో సూచించింది. గర్భం దాల్చే వయసు స్త్రీలకు ఆ అంకె 8.8. ఆదివారం ఒక్కరోజే తింటే ఆ 6 వారమంతటికీ పంచుకుని రోజుకు ఒకటి కంటే తక్కువ పడుతుంది. రోజూ తింటే మాంసం ఒక్కటే ఆ హద్దుకు దాదాపు మూడింతలు అవుతుంది. కార్జం సంగతి చూడండి. కాడ్మియం 0.5 మిల్లీగ్రాముల హద్దు దగ్గర ఉన్న కార్జం 100 గ్రాములు తింటే 50 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషి వారానికి తట్టుకోగలడని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పిన మొత్తం 150. ఒక్క వేపుడుతో మూడో వంతు అయిపోయింది. మార్కెట్లో దొరికే మాంసం ప్రతిదీ హద్దు దాకా ఉంటుందని నేననడం లేదు. అంచున ఉంటే ఏమవుతుందో చెబుతున్నాను.

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఒకటి ఉందని శాస్త్రం ఇప్పుడు నమ్మడం లేదు. వారానికి ఒంటి బరువు కిలోకి 25 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదని ఒకప్పుడు చెప్పిన అంతర్జాతీయ నిపుణుల సంఘమే 2010లో ఆ మాట వెనక్కి తీసుకుంది. అంత తింటే పిల్లల తెలివితేటల కొలతలో కనీసం మూడు పాయింట్లు పడిపోతాయని, పెద్దల రక్తపోటు పెరుగుతుందని తేలింది. యూనిసెఫ్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్లమంది దాకా ఉన్నారు. అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలే. వీళ్లలో దాదాపు ఎవరూ ఏలూరులో లాగా మూర్ఛపోయి పడిపోరు. బడికి వెళ్తారు, ఆడుకుంటారు, లెక్కల్లో కాస్త వెనకబడతారు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఏలూరు కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

అయితే ఆ సీసమంతా కోడి నుంచి వచ్చింది కాదు. బ్యాటరీలు, పెయింట్లు, మసాలాలు, గిన్నెలు అందులో వాటాదారులు. కోడికూరలో కోడితో పాటు పసుపు కూడా పడుతుంది కదా. పసుపులో కిలోకి 10 మిల్లీగ్రాముల సీసం దాకా మన చట్టం ఒప్పుకుంటుంది. అంటే ఒక చెంచాలో, మూడు గ్రాముల్లో, 30 మైక్రోగ్రాములు. ఆ కూర అయిదుగురు తింటే మనిషికి 6. హద్దు అంచున ఉన్న మాంసం ఆ నాలుగేళ్ల పాపకు ఇచ్చిన అంకే ఇది. ఇక మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పూసిన పసుపైతే లెక్కే మారిపోతుంది. దక్షిణాసియా నగరాల పసుపును పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో పట్నా వంటి చోట్ల అనుమతించిన దానికి వంద రెట్లకు పైగా సీసం దొరికింది. నర్సీపట్నం వాళ్లకు ఈ బెడద తప్పించుకునే దారి దగ్గర్లోనే ఉంది. చింతపల్లి, పాడేరు మన్యంలో పండే పసుపు ఊరికే పేరు తెచ్చుకోలేదు. మెరుగు పెట్టని, మట్టిరంగు కొమ్ములు సంతలో కొని ఆడించుకోండి. మరీ మెరిసే కొమ్మును నమ్మకండి.

గిన్నె కూడా చూసుకోవాలి. పాత తుక్కు కరిగించి పోతపోసిన సిల్వర్ (అల్యూమినియం) గిన్నెల్లో సీసం కలిసి ఉండొచ్చని, పుల్లటి కూర వండితే అది కూరలోకి దిగుతుందని సియాటిల్ ప్రాంత పరిశోధకులు 2022లో చూపించారు. అక్కడికి వలస వచ్చిన అఫ్గాన్ కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎందుకుందని వెతికితే దొరికిన జవాబుల్లో అదొకటి. చింతపండు పులుసు, నిమ్మరసం పడే కోడికూరకు స్టీలు గిన్నె మేలు, మట్టికుండైతే లోపల రంగు పూత లేనిది చూసుకోవాలి.

మన ఒంటి వైపు నుంచి కూడా కొంత రక్షణ ఉంది. కాల్షియం, ఇనుము కడుపునిండా అందుతున్న పేగు సీసాన్ని, కాడ్మియాన్ని తక్కువ పీలుస్తుంది. కరువులో ఉన్న పేగు ఎక్కువ పీలుస్తుంది. పెద్దలు తిన్న సీసంలో పదో వంతు ఒంటికి పడితే పిల్లలకు సగం దాకా పట్టవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశంలో 57 శాతం స్త్రీలకు, అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత కనిపించింది. అందువల్ల అదే కూర తిన్నా రక్తహీనత ఉన్న తల్లికి, బిడ్డకు ముప్పు ఎక్కువ. భయపడి కోడి, గుడ్డు మానేస్తే ఇనుమూ ప్రోటీనూ తగ్గి పరిస్థితి ఇంకా చెడుతుంది. నూరు గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 360 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉందని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. మన్యంలో తాతల నాటి నుంచి తాగుతున్న చోడంబలి, పక్కన నిమ్మచెక్క పిండిన ఆకుకూర సీసానికి అడ్డుకట్టలే. గర్భిణికి ఇది మరీ అవసరం. కడుపులో బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకలు కరిగేటప్పుడు, ఆమె చిన్నప్పుడు దాచుకున్న సీసం కూడా రక్తంలోకి వచ్చి మాయ దాటి బిడ్డను చేరుతుంది.

కాబట్టి నేను చెప్పేది ఇది. ఫారం కోడి కండ తినండి, చర్మం తీయించుకున్నా తీయించుకోకపోయినా లోహాల లెక్కలో పెద్ద తేడా రాదు. కార్జం, కందనకాయలు అప్పుడప్పుడే. మూడేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు వారం వారం పెట్టకండి. ముదురు కోడి లోపలి భాగాలు వదిలేయండి. కందనకాయను చీల్చి లోపలి పసుపుపచ్చ పొరనూ, రాళ్లనూ పూర్తిగా తీసేయమని కోసేవాళ్లకు చెప్పండి. నాటుకోడి కొంటే ఏ ఊరిదో, ఎక్కడ మేసిందో అడగండి.

ఇంటి జాగ్రత్త అక్కడితో సరి. అసలు పని దాణా మిల్లు దగ్గర జరగాలి. డీసీపీ ప్రతి లాటుకూ, ఖనిజ మిశ్రమం ప్రతి లాటుకూ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్ష చేయించి, ఆ కాగితం దాణా సంచితో పాటు రైతుకు ఇచ్చేలా పశుసంవర్ధక శాఖ నిబంధన తేవాలి. లక్ష కోళ్లను పరీక్షించడం కంటే ఒక గోతాం పొడిని పరీక్షించడం ఎంతో చవక. ఇది జరగని పని అనేవాళ్లకు బంగ్లాదేశ్ పసుపు చూపిస్తాను. పరిశోధకులు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో మార్కెట్లు తిరిగి, అధికారులు కల్తీదారులకు జరిమానాలు వేసి, వార్తల్లో చాటింపు వేశాక, 2019లో 47 శాతం నమూనాల్లో ఉన్న సీసం కల్తీ 2021 నాటికి సున్నాకు దిగింది. రెండేళ్లు పట్టింది, అంతే.

వినియోగదారుడి చేతిలోనూ ఒక హక్కు ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొన్న ఆహారాన్ని పరీక్షకు పంపుతున్నానని అమ్మేవాడికి కొనేటప్పుడే చెప్పి, రుసుము కట్టి, ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత ఎవరైనా పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. ఒక్కరే చేయడం కష్టమనుకుంటే మహిళా సంఘమో, వినియోగదారుల సంఘమో చేయవచ్చు. ఫారం కోడి కార్జం, నాటుకోడి కార్జం, లేయర్ కోడి కార్జం, ఒక పసుపు పొట్లం. ఈ నాలుగూ మూడు నెలలకోసారి పరీక్షకు పంపి, ఫలితాలు మునిసిపల్ కార్యాలయం గోడ మీద అంటించమని నర్సీపట్నం మునిసిపాలిటీని, ఆహార భద్రతాధికారిని అర్జీ పెట్టి అడగండి.